అద్దం మీదికి నీళ్ళు రానప్పుడు

కారు ముందద్దం మీదికి నీళ్ళు చిమ్మే నాజిల్‌కు ఉండే రంధ్రం చాలా చిన్నది. సుమారు ఒక మిల్లీమీటరు, చాలా బళ్ళలో అంతకన్నా తక్కువే. గుండుసూది మొన దూరుతుంది, అంతకు మించి ఏదీ పట్టదు. బానెట్ మీద అద్దానికి దగ్గరగా చింతగింజంత నల్లటి ప్లాస్టిక్ బొడిపెలు రెండు కనిపిస్తాయే, అవే ఈ నాజిళ్ళు. కొన్ని కార్లలో ఇవి బానెట్‌కూ అద్దానికీ నడుమనున్న నల్లటి జాలీ పట్టీలో ఉంటాయి, కొన్నింట్లో వైపర్ ఆర్మ్‌కే అమర్చి ఉంటాయి. ఈ రంధ్రం పూడుకుపోయినా బండి నడుస్తుంది, మైలేజీ తగ్గదు, ఎదుటి మీటర్లలో ఏ దీపమూ వెలగదు. అందుకే నెలల తరబడి దీన్ని పట్టించుకునేవారుండరు. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు కూడా ఆయిలు, బ్రేకులు, ఏసీ అంటారు తప్ప నీళ్ళు సరిగా పడుతున్నాయా అని అడిగేవారు తక్కువ.

తొలకరిలో రాత్రి ప్రయాణం చేసేవారికి మాత్రం దీని అవసరం బాగా తెలుసు. జోరువానలో అద్దం దానంతటదే కడుక్కుపోతుంది. చిక్కంతా తుంపరతోనే. ముందు వెళ్తున్న లారీ చక్రాల నుంచి లేచిన బురదనీరు సన్నని చుక్కలై అద్దమంతా పరుచుకుంటుంది. వైపర్ వేస్తే, కడగడానికి చాలినంత వాన లేదు కనుక, ఆ చుక్కలన్నీ కలిసి ఒకే మట్టిపూతగా అలుముకుంటాయి. ఎదురుగా వచ్చే బండి హెడ్‌లైటు ఆ పూత మీద పడగానే అద్దం మొత్తం తెల్లటి తెరలా మారిపోతుంది. రోడ్డు అంచు, ముందున్న బండి, దారి దాటే మనిషి, ఏదీ కంటికి ఆనదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు పోతుంది. మూడు సెకన్లు దారి కనబడలేదంటే 66 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. మొదటి వానల తరువాత దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళదీ ఇదే వరస. వాటి ఒంట్లోని కొవ్వు అద్దానికి జిడ్డులా పట్టుకుంటుంది. పొడి వైపర్‌తో రుద్దేకొద్దీ అది మరింత పరుచుకుంటుంది.

ఎండాకాలంలో నష్టం మరో రకంగా ఉంటుంది. రోడ్డు దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ స్థానం 7, మామూలు గాజుది 5.5 దగ్గర. అంటే ఇసుక గాజును గీయగలదు. దుమ్ము పట్టిన అద్దం మీద నీళ్ళు లేకుండా వైపర్ వేయడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. వైపర్ తిరిగిన దారి పొడుగునా విల్లులా వంగిన సన్నని గీతలు పడతాయి. మామూలు వెలుతురులో అవి కనబడవు. ఉదయపు ఎండకు ఎదురుగా బండి నడిపినప్పుడు బయటపడతాయి. ఒకసారి పడిన ఆ గీతలు ఎంత కడిగినా పోవు.

ట్యాంకు నుంచి అద్దం దాకా నీళ్ళు వచ్చే దారి పొడవైనదేమీ కాదు, కానీ ఆ దారిలో అడ్డుపడే చోట్లు చాలానే ఉన్నాయి. బానెట్ కింద ఒక మూలనో, ముందు చక్రం పైనున్న రేకు వెనకాలో ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. చిన్న కార్లలో ఇంచుమించు రెండు లీటర్లు, పెద్దవాటిలో నాలుగైదు లీటర్లు పడుతుంది. బయటికి కనిపించే దాని మూత మీద విసనకర్ర ఆకారంలో అద్దం బొమ్మ, దాని మీద నీటిచుక్కలు ముద్రించి ఉంటాయి. ఆ గుర్తు చూడకుండా నీళ్ళు పోయకూడదు. పక్కనే ఉండే కూలెంట్ డబ్బాలో సబ్బునీళ్ళు పడితే ఇంజను చల్లబడే ఏర్పాటే దెబ్బతింటుంది. ట్యాంకు అడుగున, ఒక రబ్బరు రింగులో బిగించి, 12 వోల్టుల చిన్న మోటారు ఉంటుంది. నీళ్ళు మోటారులోకి వెళ్ళే చోట సన్నని వలలాంటి ఫిల్టరు ఉంటుంది. అక్కడి నుంచి పెన్సిలు కన్నా సన్నని పైపు బయలుదేరి, ఒక చోట రెండుగా చీలి, ఒక్కో పాయ ఒక్కో నాజిల్‌కు చేరుతుంది. చాలా బళ్ళలో దారి మధ్య చిన్న వాల్వు కూడా ఉంటుంది. అది నీళ్ళను ముందుకే పోనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. లివరు లాగగానే ఆలస్యం లేకుండా నీళ్ళు పడేది దాని వల్లనే. మోటార్లు ఇంతగా వ్యాపించక ముందు ఈ పనికి రకరకాల ఉపాయాలుండేవి. 1960లలో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లలో అయితే స్టెపినీ టైరులోని గాలిని ట్యాంకుకు కలిపి, ఆ ఒత్తిడితో నీళ్ళు చిమ్మించేవారు.

నాజిల్ పూడుకుపోవడానికి తెలుగు నేల మీద అన్నిటికన్నా పెద్ద కారణం బోరునీళ్ళు. ఉప్పునీళ్ళని ఇళ్ళలో అనుకునే ఈ నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. లివరు వదిలిన ప్రతిసారీ నాజిల్ కొసన ఒక చుక్క మిగులుతుంది. కింద ఇంజను వేడి, పైన ఎండ. చేయి ఆనించలేనంతగా కాలిన బానెట్ మీద ఆ చుక్క నిమిషాల్లో ఆవిరైపోతుంది. నీరు పోతుంది, అందులోని సున్నం కార్బొనేటుగా మారి రంధ్రం అంచునే ఉండిపోతుంది. గీజరు కాయిలుకూ, కుళాయి జల్లెడకూ పట్టే తెల్లటి పొర ఇదే. తాగడానికి పనికొచ్చే నీళ్ళయితే నాజిల్‌కూ పనికొస్తాయని అనుకోవడం సరికాదు. భారత ప్రమాణాల సంస్థ లెక్కలో తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కులేని చోట 600 దాకా ఒప్పుకోవచ్చు. అలాంటి 600 మిల్లీగ్రాముల నీళ్ళు రెండు లీటర్లు పోస్తే, ట్యాంకులోకి 1.2 గ్రాముల సున్నం చేరినట్టు. ఒక మిల్లీమీటరు వ్యాసం, అయిదు మిల్లీమీటర్ల పొడవున్న రంధ్రాన్ని పూర్తిగా పూడ్చడానికి పది పదకొండు మిల్లీగ్రాములు చాలు. ట్యాంకులో చేరిన సున్నంలో చాలా భాగం అద్దం మీదికి కొట్టుకుపోతుంది, నిజమే. మిగిలే కొంచెమే నెలల మీద పని కానిస్తుంది.

ఇళ్ళలో ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్ళను పారబోయడం ఇష్టంలేక కారు ట్యాంకులో పోసేవారున్నారు. నీటిని పొదుపు చేయాలన్న ఆలోచన మంచిదే. కానీ మిషను మంచినీళ్ళలోంచి తీసేసిన ఉప్పులన్నీ చేరేది ఆ నీళ్ళలోకే కాబట్టి, నాజిల్‌కు అంతకన్నా చెడ్డనీళ్ళు ఇంట్లో దొరకవు. వాటిని నేల తుడవడానికి వాడుకోవచ్చు.

మిగతా కారణాలకు అంత వివరం అక్కర్లేదు. కరగని బట్టల పౌడరు, సబ్బు ఉప్పునీళ్ళతో కలిసి కట్టే తెట్టు, బానెట్‌కు పాలిష్ పట్టించినప్పుడు రంధ్రంలో ఇరుక్కుని గట్టిపడిన మైనం, నెలల తరబడి కదలని నీళ్ళలో పెరిగిన పాకుడు, ఇవన్నీ అడ్డుపడేవే. వీటిలో ఎక్కువ వాటికి మూలం నాజిల్ దగ్గర కాదు, ట్యాంకులో ఉంది. అందుకే సూదితో పొడిచి బాగుచేసిన నాజిల్ పది రోజుల్లో మళ్ళీ మొరాయిస్తుంది.

బాగుచేసే ముందు తప్పు ఎక్కడుందో చెవితోనే చాలా వరకు పోల్చుకోవచ్చు. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, ఏసీ ఫ్యాను కట్టేసి, వైపర్ లివరును రెండు మూడు సెకన్లు లాగాలి. బానెట్ దగ్గర మరొకరు నిలబడితే మంచిది. సన్నగా గుయ్యిమన్న చప్పుడు వినిపిస్తే మోటారు తిరుగుతున్నట్టే. చప్పుడు వస్తూ ఒక నాజిల్ బాగా చిమ్మి రెండోది చిమ్మకపోతే, తప్పు ఆ రెండో నాజిల్‌లోనో, దానికి వెళ్ళే పాయలోనో ఉంది. చప్పుడు వస్తూ రెండూ నీరసంగా కారుతుంటే మోటారు దగ్గరి ఫిల్టరును అనుమానించాలి. చప్పుడు వస్తూ పైన చుక్కయినా పడక, కింద నేల తడుస్తుంటే పైపు ఊడిందన్నమాట, లేదా ఎలుక కొరికిందన్నమాట. చలి రాత్రుళ్ళలో ఇంజను వెచ్చదనానికి బానెట్ కింద చేరే ఎలుకలకు ఈ మెత్తటి పైపులంటే మహా ఇష్టం. అసలు చప్పుడే లేకపోతే నాజిల్‌తో పనిలేదు, ఫ్యూజు చూడాలి. పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలే తప్ప వైరు ముక్క చుట్టకూడదు. ఫ్యూజు బాగానే ఉంటే మోటారుకు కరెంటు అందుతోందో లేదో ఎలక్ట్రీషియన్ చూసి చెబుతాడు.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ట్యాంకులో నీళ్ళున్నాయా అని. ఇది చెప్పనక్కర్లేని మాటలా ఉంటుంది గానీ, ఖాళీ ట్యాంకుతో పదేపదే లివరు లాగి మోటారు కాల్చుకున్నవారు తక్కువ మంది కారు. నీళ్ళు లేకుండా తిరిగితే ఆ చిన్న మోటారు వేడెక్కి పాడవుతుంది. నీళ్ళున్నా సరే, ఒక్క లాగులో పది సెకన్లు మించకూడదు.

నాజిలే పూడుకుందని తేల్చుకోవడానికి ఒక పరీక్ష మిగిలింది. బానెట్ ఎత్తి, ఊతకర్ర సరిగా ఆనిందని చూసుకుని, నాజిల్ కిందిభాగానికి తొడిగిన పైపును మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. ఇంజను చల్లారాకే ఈ పని చేయాలి. చాలా కార్లలో తాళం ఆన్‌లో ఉంటే రేడియేటరు ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది, అందుకే వేళ్ళూ, చీరకొంగూ, చున్నీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఊడదీసిన పైపు కొసను ఒక గ్లాసులో పెట్టి లివరు లాగిస్తే, నీళ్ళు జోరుగా పడ్డాయంటే పైపు దాకా దారి శుభ్రంగా ఉంది, అడ్డు నాజిల్‌లోనే. పడకపోతే అడ్డు ఇంకా వెనకుంది. పాయలు చీలే చోట, వాల్వు దగ్గర, మోటారు దగ్గర, ఒక్కో చోటే విప్పుకుంటూ వెనక్కి వెళ్ళాలి.

సూది పట్టుకోవడానికి ముందు నానబెట్టడం మంచిది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను నాజిల్ మీద పది నిమిషాలు వేసి ఉంచితే మైనం, సబ్బు తెట్టు మెత్తబడతాయి. ఒక్కోసారి అంతటితోనే దారి తెరుచుకుంటుంది. ఇక పొడవడానికి గుండుసూది కన్నా మంచి పనిముట్టు ఇంట్లోనే ఉంది. పాత కరెంటు వైరు పైతొడుగు ఒలిస్తే లోపల వెంట్రుకల్లా సన్నని రాగి పోగులుంటాయి. వాటిలో ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నిటారుగా సాగదీసి రంధ్రంలోకి దూర్చాలి. రాగి మెత్తన, కనుక రంధ్రాన్ని వెడల్పు చేయదు, గోడలను గీయదు. ఉక్కు సూది ఈ రెండూ చేస్తుంది, విరిగితే లోపలే ఉండిపోతుంది. పోగును తోసేయకుండా వేళ్ళతో తిప్పుతూ ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఎంత ఓపికగా చేసినా బయటి నుంచి పొడిస్తే కొంత చెత్త లోపలికే పోతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. మళ్ళీ లివరు లాగగానే ఆ చెత్తే తిరిగొచ్చి అదే రంధ్రానికి అడ్డం కూర్చుంటుంది.

కాబట్టి పని పూర్తిగా కావాలంటే నాజిల్‌ను ఊడదీయాలి. కిందివైపు రెండు ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి. వాటిని లోపలికి నొక్కుతూ పైకి నెడితే నాజిల్ బయటికి వస్తుంది. పాత ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి ఉంటుంది, బలం వాడితే కొక్కెం విరుగుతుంది. చుట్టూ రంగు మీద కాగితపు టేపు అంటిస్తే గీతలు పడవు.

ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా నిమ్మఉప్పు కరిగించి, నాజిల్‌ను అందులో వేయాలి. కిరాణా కొట్లో పొట్లంగా దొరికే ఈ నిమ్మఉప్పు సిట్రిక్ ఆమ్లమే. సున్నం పట్టి ఉంటే కాసేపటికి రంధ్రం నుంచి సన్నని బుడగలు దారంలా పైకి లేస్తాయి. సున్నం కరుగుతూ విడుదల చేసే కార్బన్ డయాక్సైడు అది. అరగంటకో గంటకో బుడగలు ఆగుతాయి. అప్పుడు సూది తీసేసిన పది మిల్లీలీటర్ల సిరంజిలో మంచినీళ్ళు నింపి, దాని మూతిని నీళ్ళు చిమ్మే రంధ్రానికి ఆనించి గట్టిగా నొక్కాలి. అంటే నీళ్ళు రోజూ వచ్చే దిక్కుకు ఎదురు దిక్కున పోవాలి. కింద ఒక నల్లటి గుడ్డ పరిస్తే ఏం జరిగిందో కళ్ళారా కనబడుతుంది. నాజిల్ వెనక మూతి నుంచి ముందు తెల్లటి పొలుసులు రాలతాయి, ఆ వెనకే బూడిదరంగు జిగురు, చివరకు తేటనీళ్ళు. కొన్ని నాజిళ్ళ లోపలే వాల్వు ఉంటుంది. వాటిలో నీళ్ళు ఎదురు పోవు. అలాంటప్పుడు బలవంతం చేయకుండా, బాగా నానబెట్టి పైపు తొడిగే వైపు నుంచే కడగాలి. నిమ్మఉప్పు నీళ్ళు రంగు మీద పడితే వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి.

త్వరగా అవుతుందని బాత్రూములు కడిగే యాసిడ్ వాడటం ప్రమాదం. రంగు, లోహం, రబ్బరు మూడింటినీ తినేస్తుంది. అందులో బ్లీచింగు కలిస్తే విషవాయువు పుడుతుంది. అలాగే పంక్చరు షాపు కంప్రెసరు గాలిని తగిలించి ఉన్న పైపులోకి వదలకూడదు. ఆ ఒత్తిడికి లోపలి కీళ్ళు ఊడిపోతాయి. నాజిల్‌ను విడిగా పట్టుకుని సైకిలు పంపుతో ఊదితే చాలు.

ఈమధ్య వస్తున్న కార్లలో చాలా వాటికి మరో రకం నాజిల్ ఉంటోంది. అది నీటిని ఒకటి రెండు ధారలుగా కాక విసనకర్రలా పరిచి చిమ్ముతుంది. లోపల కదిలే భాగాలేవీ ఉండవు. చిన్న ప్లాస్టిక్ బిళ్ళలో చెక్కిన కాలువల్లో తిరుగుతూ నీరే కుడికీ ఎడమకీ వేగంగా ఊగుతుంది. ఆ కాలువ గోడ మీద చిన్న గీత పడినా ఊగే తీరు చెడిపోతుంది. ఇలాంటి దానిలో రాగి పోగు కూడా దూర్చకూడదు. నానబెట్టి ఎదురు నీళ్ళతో కడగాలి, దానికీ లొంగకపోతే కొత్తది వేయించాలి.

శుభ్రం చేసిన నాజిల్‌ను వెంటనే బిగించాలన్న తొందర చాలామందిలో ఉంటుంది. పని చెడేది అక్కడే. పైపుల్లో ఉన్న మురికి అలాగే ఉంది, మొదటి లాగుకే అది కొత్తగా తెరిచిన రంధ్రంలోకి వచ్చి పడుతుంది. ముందు ట్యాంకు కడగాలి. పాతనీళ్ళను పైపు పెట్టి నోటితో లాగి తీయడం ఎంతమాత్రం తగదు. కొన్ని వాషర్ ద్రవాల్లో మిథనాల్ ఉంటుంది, అది కంటిచూపును, ప్రాణాన్ని కూడా తీయగల విషం. మోటారు చేతికి అందే చోట ఉంటే, కింద బకెట్ పెట్టి, ముందు వైరు ప్లగ్గు తీసి, మోటారును రబ్బరు రింగులోంచి లాగితే నీళ్ళన్నీ దిగిపోతాయి. ఆ రింగులోని వలను ఎండలోకి పట్టుకుని చూస్తే పచ్చటి పాకుడు తెరకట్టి ఉండటం చాలా బళ్ళలో కనిపిస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో దాన్ని రుద్ది కడగాలి. ట్యాంకులో రెండు మూడుసార్లు నీళ్ళు పోసి గలగలలాడించి వంపాలి. మోటారు బంపరు వెనకెక్కడో దాగి ఉంటే ఈ పని మెకానిక్‌కు వదలడమే మేలు. మళ్ళీ బిగించాక, నాజిళ్ళు తొడగకుండా, పైపు కొసలను గ్లాసులో పెట్టి తేటనీళ్ళు వచ్చేదాకా మోటారు కొంచెం కొంచెంగా నడపాలి. ఆ తరువాతే నాజిళ్ళ వంతు.

ఇక ట్యాంకులో ఏం పోయాలి? బ్యాటరీల కోసం పెట్రోలు బంకుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో సున్నం ఉండదు, అన్నిటికన్నా మంచిది అదే. పట్టి వడకట్టిన వాననీళ్ళు, ఆర్‌ఓ మిషను ఇచ్చే మంచినీళ్ళు కూడా బాగానే పనిచేస్తాయి. అందులో కార్ల కోసం తయారైన వాషర్ ద్రవాన్ని సీసా మీద రాసిన పాళ్ళలో కలపాలి. బిళ్ళల రూపంలో ఉన్నదైతే ముందు విడిగా ఒక సీసాలో పూర్తిగా కరిగించి పోయాలి. తలకు వాడే షాంపూ, గిన్నెల సబ్బు, బట్టల పౌడరు దీనికి తగినవి కావు. అవి నురగ కట్టి అద్దం మీద సన్నని పొరను వదులుతాయి. పగలు తెలియని ఆ పొర రాత్రి హెడ్‌లైట్లకు మెరుస్తుంది. ద్రవం కలపడం వల్ల మురికి వదలడంతో పాటు మరో మేలుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం, వాషర్ ట్యాంకులో ద్రవమేదీ కలపని ఉత్త నీళ్ళు వాడటానికీ లెజియొనేర్స్ అనే ఊపిరితిత్తుల వ్యాధికీ సంబంధం ఉందని చూపింది. నిలవనీటిలో పెరిగే బ్యాక్టీరియా సన్నని తుంపరతో పాటు గాలిలో కలిసి లోపలికి చేరడం దానికి కారణం కావచ్చు. చికాగో, టొరంటో లాంటి చోట్ల ఉన్న తెలుగువారికి చలికాలంలో గడ్డకట్టని రకం ద్రవం లేకుండా గడవదు. ఉత్త నీళ్ళయితే ట్యాంకులోనే గడ్డకట్టి పైపును, మోటారును పగలగొడతాయి.

చివరి పని ధారను సరిచూడటం. పాత తరహా నాజిల్‌లో రంధ్రం ఒక చిన్న గోళీలో ఉంటుంది. రంధ్రంలో సూది మొన ఆనించి గోళీని వెంట్రుకవాసి కదిపితే అద్దం మీద ధార పడే చోటు జానెడు మారుతుంది. బండి నిలిపి ఉన్నప్పుడు ధార అద్దం నడిమికన్నా కొంచెం పైన పడేటట్టు పెట్టాలి. బండి వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ధారను కిందికి నొక్కుతుంది కనుక, నిలిపినప్పుడు నడిమికే పడే నీళ్ళు హైవే మీద అద్దం అడుగున పడతాయి. నాజిల్ వైపర్ ఆర్మ్ మీదున్నా, విసనకర్రలా చిమ్మే రకమైనా, చాలావాటిలో ఇలా కదపడానికి వీలుండదు. సరిచేశాక నిలిపిన బండిలో ఒకసారి, ఖాళీ రోడ్డు మీద పగటిపూట నడుపుతూ మరోసారి లివరు లాగి చూడాలి. రెండు ధారలూ డ్రైవరు కళ్ళ ఎదుటి భాగాన్ని తడిపి, వైపర్ రెండు మూడు ఊపుల్లో అద్దం చారలు లేకుండా తేటపడితే పని పూర్తయినట్టు.